యెల్లె మీద ఒట్టు

ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి ఇలా దగ్గరికి జరగండి. లాండర్‌బేక్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు ఎలా గట్టెక్కిందో చెప్తాను. గట్టెక్కిందని ఊరంతా చెప్పుకుంటారు. ఎలాగన్నది మాత్రం మింగేస్తారు.

సగం ఆట అయింది. ఒకటికి ఒకటి. గెలిస్తేనే ఆ లీగులో ఉంటారు, సమమైనా కింది లీగుకి జారిపోతారు. జారితే జట్టులోని జపాన్ కుర్రాడు సెగావాని పంపెయ్యడానికి బుధవారానికి విమానం టిక్కెట్టు ముందే కొనిపెట్టారు, గెలిస్తే ఇంకో రెండేళ్ళు ఉండనిస్తారు. కోచ్ అరిచి అరిచి గొంతు పోయి బయటికి నడిచాడు. అప్పుడు, బట్టలు మార్చుకునే గదిలో, తగులుకున్నాడు అదే జట్టులో ఆడే యెల్లె.

"ఏరా సెగావా, ఇందాక మైదానంలోకి వస్తూ అవతలి జట్టు కువబారాగాడికి అంత వంగి దండం పెట్టావేంట్రా? నడుం విరగలేదూ?"

సెగావా కట్టిన బూటు లేసే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "ఆయన మా స్కూల్లో నాకు రెండేళ్ళు పెద్ద."

"అయితే?"

"ఆయన బూట్లు నేనే తుడిచేవాణ్ణి. మా దగ్గర పెద్దవాళ్ళ మాట తీసెయ్యరు."

గదంతా గొల్లున నవ్వింది. గోల్‌కీపర్ గోలీ అయితే తన బూట్లు కూడా విప్పి సెగావా ముందు పెట్టాడు, "ఇవీ తుడిచిపెట్టు నాయనా" అని.

"అక్టోబర్లో వీళ్ళతో ఆడినప్పుడూ తీసెయ్యలేదుగా!" అన్నాడు యెల్లె. "వాడు మోకాలు పట్టుకుని పొర్లాడు. మీ భాషలో ఏదో కూశాడు. ఎదురుగా గోలు ఖాళీగా ఉంటే దెబ్బ తగిలినవాడి కోసం ఆట ఆపాలని ఈ మహానుభావుడు బంతిని బయటికి తన్నాడు. మర్యాద తెలిసినవాళ్ళయితే ఆ బంతి మనకి తిరిగివ్వాలి. ఇచ్చారా? ఆ మోకాలితోనే లేచి వెళ్ళి మన మీదే గోలు కొట్టాడు వాడు! ఏం కూశాడ్రా అప్పుడు?"

"'సెగావా, బంతి బయటికి కొట్టు' అన్నాడు." చెవులు ఎర్రబడిపోయాయి సెగావాకి.

యెల్లె వచ్చి పక్కన కూలబడ్డాడు. మేజోళ్ళు ఎప్పట్లాగే చీలమండల దాకా జారిపోయి ఉన్నాయి. రిఫరీలు ఎన్నిసార్లు తిట్టినా పైకి లాగేవాడు కాదు. ఆ ఊళ్ళో సెగావాని ఆదివారం భోజనానికి పిలిచే ఇల్లు వాడిది ఒక్కటే.

"చూడు," గొంతు తగ్గించాడు యెల్లె, "నువ్వు వెళ్ళిపోతే మా అమ్మ మాంసం పులుసు ఎవడు తింటాడ్రా? నా ఒక్కడివల్ల కాదు. మధ్యాహ్నం తిన్నది ఇప్పటికీ ఇక్కడే కూచుంది." ఛాతీ రుద్దుకుని, సెగావా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "వాడు ఏమరిచినా, ఎవడో చచ్చిపోతున్నాడని అరిచినా ఆగనని నా మీద ఒట్టెయ్యి."

"ఆగను."

"మాట కాదు. ఒట్టు."

"నీ మీద ఒట్టు."

ఎనభై ఎనిమిదో నిమిషం దాకా ఏమీ జరగలేదు. వాన జల్లు పడుతోంది. జనం సగం లేచి గేట్ల వైపు చూస్తున్నారు. అప్పుడు మైదానం నడిమధ్యన యెల్లె కువబారా కాళ్ళ దగ్గర్నించి బంతి లాక్కున్నాడు. తల కూడా ఎత్తకుండా పొడుగ్గా ముందుకి తోశాడు. సెగావా అందుకున్నాడు. ముందు ఎవరూ లేరు, అవతలి గోలీ తప్ప.

పది అడుగులు పరిగెత్తాడో లేదో, వెనకనుంచి కేక.

"సెగావా! బంతి బయటికి కొట్టు!"

జపనీస్‌లోనే. విన్న పన్నెండు వేలమందిలో ఆ మాట అర్థమైనవాడు సెగావా ఒక్కడే. కాళ్ళు వాటంతటవే తడబడ్డాయి. బూట్లు తుడిచిన పిల్లాడి కాళ్ళు కదా మరి!

"సెగావా! ఆపు! నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపు!"

కువబారా గొంతు పగిలిపోతోంది. ఏడుపు కూడా కలిపాడు. ఏం నటన, అనుకున్నాడు సెగావా. అక్టోబర్లో ఏడుపు లేదు, ఈ ఆర్నెల్లలో అదీ నేర్చాడు. పళ్ళు బిగించాడు. గోలీని ఎడమకి దూకేలా ఏమార్చి కుడివైపునుంచి మెల్లిగా, కావాలనే మెల్లిగా, బంతిని వలలోకి నెట్టాడు.

స్టేడియం పైకప్పు లేచిపోయింది. రిఫరీ ఈల ఊది గోలుకి చెయ్యి చూపించాడు. జట్టంతా మూల జెండా దగ్గర సెగావా మీద పడింది. లాండర్‌బేక్ గోలీ ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తుకొచ్చాడు. కోచ్ వానలో మోకాళ్ళ మీద జారాడు. జట్టు డాక్టరు మందుల సంచీ పడేసి బెంచీ ఎక్కి గంతులేశాడు. నిమిషం, ఒకటిన్నర నిమిషం, ఎవరికీ ఒళ్ళు తెలీలేదు.

ఆ గుట్ట కిందనుంచి సెగావా ఎలాగో బయటపడ్డాడు. స్కూలునాటి బూట్ల బాకీ ఇవాళ తీర్చేద్దామనుకున్నాడు. దూరంగా మైదానం నడుమ మోకాళ్ళ మీదున్న కువబారా వైపు తిరిగి, రెండు చేతులూ తొడలకి ఆనించి, నేలకి తగిలేలా వంగి వెక్కిరింతగా దండం పెట్టాడు. జనం విరగబడి నవ్వారు.

తల ఎత్తాడు. కువబారా వాడి వైపు చూడనేలేదు. రెండు అరచేతులూ కలిపి ఎవరి గుండెల మీదో నొక్కుతున్నాడు, లేచి నొక్కుతున్నాడు, ఇంకా నొక్కుతున్నాడు. కిందున్న కాళ్ళు రెండూ కదలడం లేదు. మేజోళ్ళు చీలమండల దాకా జారి ఉన్నాయి.

లాండర్‌బేక్ ఆ లీగులోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఒక్క ముక్క మాత్రం మర్చిపోకండి: యెల్లె మీద వేసిన ఒట్టు సెగావా తప్పలేదు.