బేబా దాచుకున్న పేరు

డ్రయ్యర్ కింద కూర్చుని రహస్యాలు చెప్పకూడదు. ఈ సంగతి సాన్ పెద్రోలో చిన్నపిల్లకైనా తెలుసు. తలనిండా రోలర్లు, వాటి మీద ఆ ఇనపగంప హోరు. మన మాట మనకే వినబడదు. గుసగుసలాడాం అనుకుంటాం, అది వీధి చివరిదాకా వెళ్తుంది.

బుధవారం మధ్యాహ్నం బేబా సరిగ్గా ఆ పనే చేసింది.

"రేపే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తున్నా మిలేదీస్," అంది సెలూన్ యజమానురాలిని దగ్గరకు లాక్కుని. "ఇసాద్రియా అని రాయిస్తా. ఎవరికీ చెప్పకు."

సెలూన్లో దువ్వెనలు ఆగిపోయాయి. గోళ్ళకు రంగు వేయించుకుంటున్న యోకైరా తలెత్తింది. ఆమె ఒళ్ళో రెండు వారాల ఆడపిల్ల. ఇంకా పేరు పెట్టలేదు.

మిలేదీస్ డ్రయ్యర్ ఆపేసింది. "నేనెందుకు చెప్పడం, నువ్వే చాటింపు వేశావుగా," అంది.

బేబా గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ పేటలో ఆడపిల్లల పేర్లు సగానికి సగం బేబా చేతి చలవే. తల్లి పేరులోంచి ఒక ముక్క, తండ్రి పేరులోంచి ఒక ముక్క తీసుకుంటుంది. నోట్లో అటూ ఇటూ తిప్పుతుంది. లోకంలో ఎవరికీ లేని పేరు తయారుచేసి ఇస్తుంది. ప్రతిఫలంగా ఓ గిన్నెడు మాంసం పులుసు పంపితే చాలు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పేరు బాగుంటే జలుబులా అంటుకుంటుంది. ముచ్చటపడి ఒక పిల్లకు దార్లెనీ అని పెట్టింది. ఇప్పుడు బడిలో టీచరు దార్లెనీ అని పిలిస్తే సగం తరగతి లేచి నిలబడుతోంది.

ఇసాద్రియా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. సొంత కూతురు కాన్పు మంచం మీంచి బతిమాలినా ఇవ్వలేదు. "దానికి వేరే మనిషి ఉందే," అని ఊరుకుంది. అన్నేళ్ళు కడుపులో దాచుకున్న పేరు కాస్తా, తీరా రాయించే ముందురోజు నోరు జారి బజారున పడింది.

గురువారం బేబా ఆదివారపు గౌను వేసుకుని, ఆఫీసు తలుపులు తెరవకముందే చేరుకుంది. బెంచీ మీద మొట్టమొదట యోకైరా కూర్చుని ఉంది, పిల్లతో సహా.

"ఏమే, పెందరాళే తయారయ్యావు?"

"నీ కోసమే బేబత్తా. తోడుంటాననీ," అంది యోకైరా, ఏమీ ఎరగనట్టు.

"ఆ పేరు వదిలెయ్యి."

"అదేమన్నా నీ పెరట్లో కాసిన అరటిగెలా? ముందొచ్చినవాళ్ళది. నువ్వు శుభ్రంగా మరియా అని రాయించుకో. నిండుగా ఉంటుంది."

"మరియాలు ఈ వరసలోనే నలుగురున్నారు."

"పోనీ, నువ్వూ అదే పెట్టు. ఇద్దరుంటే కొంపలేమీ మునిగిపోవుగా."

"ఇద్దరితో ఆగుతుందా? క్రిస్మస్ నాటికి వీధి వీధంతా అదే పేరు." బేబా ఆమె పక్కన కూలబడింది. "నా కూతురికే ఇవ్వలేదే యోకైరా. ఒక్కదాని కోసమని ఇన్నేళ్ళూ అట్టేపెట్టాను. దాన్నీ పదిమందిలో పదకొండోదాన్ని చెయ్యకు."

యోకైరా చూపు తిప్పుకుంది. చెడ్డపిల్లేం కాదు, నోరే కాస్త ఎక్కువ. "మరి నా పిల్ల సంగతో? అలవాటు పడిపోయాను. ఇంకే పేరూ నోటికి రావట్లేదు."

"నీ మొగుడు ఆ వెలింతో గాడే కదా?"

"ప్రస్తుతానికి వాడే."

బేబా కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. లోపల ఆఫీసు తలుపు తెరిచిన చప్పుడైంది.

"యోవెలిన్," అంది కళ్ళు తెరుస్తూ.

యోకైరా ఆ పేరు ఒకసారి పలికి చూసింది. పిల్ల చెవిలో ఇంకోసారి పలికింది. పక్కనున్న నిండు చూలాలు కూడా మెల్లగా పలికి చూసుకుంది.

"ఏయ్, ఇది నాది," అని యోకైరా పిల్లను భుజానేసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

బేబాకు కాలు నిలవలేదు. ఆ పిల్లని నమ్మొచ్చా? లోపలికెళ్ళాక మనసు మార్చుకుంటే? తలుపు వంక చూసింది, గోడ వంక చూసింది, తెలిసిన ప్రార్థనలన్నీ సగం సగం చదివేసింది.

యోకైరా నవ్వుకుంటూ బయటకొచ్చింది. "యోవెలిన్ అనే రాయించాలే. వెళ్ళు, నీది నీకే ఉంది."

బేబా ఆమె బుగ్గ గట్టిగా గిల్లి, లోపలికి నడిచింది.

బల్ల వెనకాల గుమాస్తా కుర్రాడు కొత్తగా వచ్చినట్టున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "పేరు?"

"ఇసాద్రియా."

"ఎప్పుడూ వినలేదే."

"వినవు మరి," అంది బేబా. మొహం చాటంత అయింది.

"తండ్రి?"

"అద్రియానో. చెరుకు నరికేవాడు. పోయాడు."

"తల్లి?"

"ఇసౌరా. కాన్పులోనే పోయింది."

కలం ఆగింది. కుర్రాడి గొంతు మెత్తబడింది. "అయ్యో పాపం. అయితే భారమంతా మీదేనన్నమాట."

"నాదే. ఇంకెవరున్నారు?"

"ఏమీ అనుకోకండమ్మా, మనిషిని చూడందే రాయకూడదు. బయట ఎవరైనా ఎత్తుకుని ఉంటే లోపలికి తీసుకురమ్మనండి."

బేబా కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుని, "ఎత్తుకునేవాళ్ళు ఎప్పుడో పోయారు నాయనా, డెబ్బై రెండేళ్ళుగా అందరూ పాపా, బేబా అని పిలవడమే గానీ నాకు పేరు పెట్టినవాళ్ళు లేరు, ఇవాళ నేనే పెట్టుకుంటున్నాను," అంది.