1926 నాటి పుట్టకొక్కులు

“అక్కా, జర మంచిగ చూసి చెప్పు. ఆ రోజు నువ్వు ఏరుకొచ్చినవి ఇసొంటివేనా?”

ప్రశాంతి పాత కాగితపు కవరు విప్పి, అందులోని ఎండిన పుట్టకొక్కులను చాప మీద పెట్టింది. కవరు మీద మసకబారిన సిరాలో ఈ ఊరి తాలూకా పేరు, ఏడాది: సిరొంచ, 1926. పుట్టకొక్కుల మీద పరిశోధన చేస్తున్న, పక్క తాలూకా అహేరి పిల్ల ఆమె. నాగపూర్‌లోని ఒక పాత మ్యూజియంలో వాటిని అడిగి తెచ్చింది.

శోభ వెనక్కి జరిగింది. మొన తేలిన గొడుగు, కింద వేరులా పొడవాటి తోక. ముప్పై రెండేళ్లుగా కళ్లు మూసుకుంటే కనిపించేవి ఇవే.

“ఇవే,” అంది. “మా పెరట్ల పుట్ట మీద మొలుస్తయి. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఒడి నిండ ఏరుకొచ్చిన. అవ్వ కూర వండింది. బాపు తిన్నడు. తెల్లారేసరికి పోయిండు.”

“మీరిద్దరు తినలేదా?”

“నేను చెయ్యి పెట్టబోతే అవ్వ గుంజేసింది. బాపు తిన్నంకనే మాకు. ముందు ముట్టుకుంటే తాగొచ్చి ఇద్దరినీ గొడ్లను బాదినట్టు బాదేటోడు.”

ఆనాటి నుంచి ఊళ్లో ఎవరూ ఆ పుట్టకొక్కుల జోలికి పోలేదు. తొలకరి పడి పెరట్లో అవి తెల్లగా తలెత్తితే చాలు, శోభకు బాపు వాకిట్లో నిలబడి తననే చూస్తున్నట్టుండేది. తన చేత్తో కోసిన ఆకుకూర పిల్లలకు పెట్టాలన్నా వణుకే.

ప్రశాంతి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అక్కా, పోయిన వానాకాలం మీ పెరట్ల తీసుకపోయినవి, ఇవీ ఒక్కటే జాతి. పరీక్ష చేయించిన. వీటిల విషం లేదు. ఈడి జనం వండుకొని తింటరని ఈ కవరు మీదనే రాసి ఉన్నది. మీ బాపును నువ్వు చంపలే.”

శోభ చాప మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గేదాకా కూర్చుని, ప్రశాంతి కవరు సర్దుకుని బస్సుకు వెళ్లిపోయింది.

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న శోభ తల్లి యాదక్క చేట ఆగిపోయి చాలాసేపైంది.

“విన్నవా అవ్వా? నేను కాదట!” శోభ కళ్లు తుడుచుకుంది. “మరి బాపు దేంతోని పోయిండే?”

యాదక్క చేట కింద పెట్టింది.

“పురుగుల మందు నేనే కలిపిన, బిడ్డా.”