చేను నడుమ లైను

“దానికెందుకు నీళ్లు? మొగన్ని రైలు కిందికి తోలింది,” అంది నర్సింగమ్మ.

చెంబు అందించబోయిన పొరుగింటి శోభ చెయ్యి ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న హరిత తల ఎత్తలేదు. మొగుడు సతీశ్ పోయి పన్నెండు రోజులైంది. అత్త ఆ మాట ఎన్నిసార్లు అన్నా ఇప్పుడామెకు ఏడుపు రావడం లేదు. కన్నీళ్లే కాదు, ఆకలి కూడా తెలియడం లేదు.

ఆ పొద్దున మొగుడూ పెళ్లాం గొడవపడ్డారు. తన చెల్లెలి నిశ్చితార్థానికి కల్వకుర్తి పోదామని ఆమె, వరి కోతలున్నాయని అతను. “నీ మొహం మళ్ల చూడ” అని హరిత అనడం వాకిట్లో ఉన్న నర్సింగమ్మ విన్నది. సతీశ్ అన్నం తినకుండానే చేనుకు పోయాడు. గంటలో కబురొచ్చింది.

వాళ్ల చేను నడుమ నుంచే రైలు పట్టాలు పోతాయి. సిమెంటు ఫ్యాక్టరీ కోసం ఇరవై ఏళ్ల కింద వేసిన బ్రాంచి లైను అది. ప్యాసింజరు బండి కూడా వస్తుందని ఎన్నికలప్పుడల్లా చెబుతారు. ఇంతవరకూ రాలేదు. పొద్దున ఖాళీ డబ్బాలతో లోపలికి ఒక గూడ్సు, పొద్దు వాలాక సిమెంటుతో బయటికి ఒక గూడ్సు, అంతే. చేనులో అవతలి ముక్కలో పని ఉంటే పట్టాలు దాటి పోవాల్సిందే.

వాకిట్లో బైకు ఆగింది. వెనక కూర్చున్న యాభై ఏళ్ల మనిషి దిగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బైకు నడిపిన అమరేందర్ గేటు దగ్గరే నిలబడ్డాడు. రైలింజనులో ఆ పెద్దమనిషి పక్కన కూర్చునే రెండో డ్రైవరు ఈ అమరేందర్.

“అమ్మా, నా పేరు వీరేశం. ఆ దినం గూడ్సు నడిపింది నేనే.”

కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఎందుకొచ్చినవు?” అంది నర్సింగమ్మ.

“ఆ రోజు పట్టాల కాడ మీరు ఈ బిడ్డను కొడుతుంటే చూసిన. గప్పుడే చెప్పాల్సింది, నోరు రాలే. తప్పు ఈమెది గాదు. మీ కొడుకుది గాదు. నాది.”

హరిత తల ఎత్తింది.

“మలుపు కాడ హారన్ కొట్టాలె. కొట్టలే. ఫోన్ల మాట్లాడుతున్న. నేను చూసే సరికి ఆయన పట్టాల మీదున్నడు. అవతలి దిక్కు మొకం పెట్టి నడుస్తుండు.”

“పోలీసోళ్లకు గిట్లనే చెప్పినవా?” అంది శోభ.

“లేదు. హారన్ కొట్టిన్నని రాయిచ్చిన.”

నర్సింగమ్మ గోడ పట్టుకుని లేచింది. “గా కూత వినీ వినీ మా చెవులు మొద్దువారినయ్. ఆ పొద్దున మోగిందో లేదో నాకే యాది లేకపాయె.” దగ్గరికొచ్చి అతని అంగీ పట్టుకుంది. “అయితే నా కొడుకు సావాల్నని పోలేదా?”

“లేదమ్మా. దాటుతుండు. ఇంకొక్క అడుగేస్తే బతుకుతుండె.”

ఆమె అతని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. వీరేశం చెయ్యి అడ్డం పెట్టలేదు.

“నీ నౌకరీ తీయిస్త!”

“తీయించు అమ్మా. కాయితం మీద రాసియ్యమన్నా రాసిస్త.”

ఆమె చేతులు జారిపోయాయి. తర్వాత శోభ చేతిలోంచి చెంబు తీసుకుని కోడలి ముందు చతికిలబడింది.

“తాగు బిడ్డా. పొద్దటి సంది ఏం తినకపోతివి.”

హరిత రెండు గుక్కలు తాగింది. ఒక్కసారిగా గొల్లుమంది. నర్సింగమ్మ ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. ఆ తర్వాత వీరేశం వైపు ఎవరూ చూడలేదు. అతను చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

ఇద్దరూ బైకు మీద ఊరు దాటారు. పట్టాల దగ్గరికొచ్చాక అమరేందర్ బండి ఆపాడు.

“ఆమె నిజంగనే కంప్లైంటు ఇస్తే?”

“ఇయ్యనీ.”

“ఆ రోజు మీరు హారన్ మీంచి చెయ్యి తీయనే లేదు గదా సార్,” అన్నాడు అమరేందర్.