గంట మోగేలోపు

“గంట మోగేసరికి నీ సీట్లో ఉండమ్మాయ్. ఎవరు పిలిచినా కదలకు. ఎందుకని అడక్కు,” అన్నాడు ముసలాయన.

ఆమె విననట్టే కాగితాలు సర్దుకుంది.

శాసనసభకు ఆమె వచ్చి నాలుగు నెలలు. ఆయన వచ్చి నలభై రెండేళ్లు. ఆమెది ప్రతిపక్షం, ఆయనది అధికారపక్షం. వెనకాల అందరూ ఆయన్ని ‘కునుకు తాత’ అంటారు.

రైలు పట్టాల పక్కనున్న మూడు వందల ఇళ్లను తొలగించే బిల్లు ఇవాళ ఓటుకు వస్తోంది. అందులో ఒక ఇంట్లో ఆమె అక్క పిల్లలతో ఉంటోంది.

ముసలాయన పొద్దుటి నుంచి తన పక్షం బెంచీల మధ్యే తిరుగుతున్నాడు. ఒకరి భుజం తట్టాడు. ఇంకొకరిని మనవరాలి చదువు గురించి అడిగాడు.

‘కొంపలు కూలుతుంటే ఈయనకి కబుర్లు,’ అనుకుంది.

ఫోన్ మోగింది. అక్క.

“సామాను కట్టమంటావా, వద్దంటావా? అదొక్కటి చెప్పవే.”

“కాసేపు ఆగు. తేలిపోతుంది.”

ఇంతలో మంత్రిగారి కార్యదర్శి వచ్చాడు. “ఆ ఇళ్ల సంగతి మాట్లాడాలన్నారమ్మా సారు. పైన గదిలోకి రమ్మన్నారు.”

ఆమె లేచింది. ముసలాయన అడ్డం వచ్చాడు.

“తర్వాత వెళ్దువుగాని. కూర్చో తల్లీ.”

“మీకేం తాతగారూ, కూర్చున్నచోటే నిద్రపడుతుంది. మావాళ్లకి నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు.”

ఆయన నవ్వలేదు. పక్కకు తప్పుకున్నాడు.

మూడో అంతస్తు గదిలో మంత్రి లేడు.

“సారు వచ్చేస్తున్నారు,” అంటూ కార్యదర్శి టీ తెప్పించాడు. ఇళ్ల పటం బల్లమీద పరిచాడు.

కింద ఓటుకు పిలిచే గంట మోగింది. ఆమె చప్పున లేచింది.

“ఎలాగూ మాదే మెజారిటీ. మీ ఒక్క ఓటుతో ఏమవుతుందమ్మా? ఇంతకీ మీ అక్కగారి ఇల్లు ఎక్కడ? ఆ వరస తప్పించొచ్చేమో.”

ఆమె తటపటాయించింది. తర్వాత పటం మీద వేలు పెట్టింది.

గంట ఆగింది.

మెట్లు దిగి పరుగెత్తేసరికి సభ తలుపులు మూసేశారు.

“ఓట్లు లెక్కపెడుతున్నారు. ఇప్పుడు తెరవకూడదమ్మా,” అన్నాడు తలుపు దగ్గరి ఉద్యోగి.

మైకులో ఫలితం వినిపించింది. అనుకూలం అరవై ఒకటి. వ్యతిరేకం అరవై.

ఆమెకు అర్థం కాలేదు.

“మాకన్నా వాళ్లు పద్నాలుగు మంది ఎక్కువ కదా! ఒక్క ఓటు తేడా ఏమిటి?”

ఉద్యోగి తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు.

“వాళ్లలో ఏడుగురు మీవైపు వేశారమ్మా. ఇంకొక్కటి పడితే సమానం. సమానమైతే సభాపతి ఉన్నది ఉన్నట్టే ఉంచుతారు. ఇక్కడ ఆనవాయితీ అది. ఇళ్లు నిలిచేవి.”

“ఏడుగురా! ఎవరు కదిలించారు వాళ్లని?”

“నలభై రెండేళ్లలో ఒక్కసారీ పార్టీ మాట దాటని కునుకు తాతే ముందు లేచారమ్మా, ఆయన వెనక ఆరుగురు లేచారు, లెక్క అయ్యేదాకా ఆయన మాత్రం మీ ఖాళీ సీటు వైపే చూస్తూ నిలబడ్డారు.”