కొబ్బరికాయ కొట్టని పడవ

పడవలో మళ్ళీ శనగ పొట్టు!

లక్ష్మీకుమారి చీపురు అందుకుంది. దాంతోపాటు నోరు కూడా అందుకుంది.

"ఎవరమ్మా ఇది? మా పడవేటి, మీ చెత్తకుండీయా?"

ఖుర్సీపార్‌లోని ఆ సందులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

తెరుచుకోదు మరి. ఆ పడవంటే ఎవరికీ పడదు. భిలాయి లాంటి ఉక్కు కరిగించే ఊళ్ళో ఇంటిముందు పడవేమిటని వాళ్ళ బాధ. ఏదో పార్కువాళ్ళు తుక్కులో పడేసిన పాత ఫైబర్ పడవ. అడుగున చిల్లు, పక్కన పగులు. నరసింగరావు దాన్ని ట్రాలీ మీద తెచ్చి దించిన రోజు, అతని భార్య లక్ష్మీకుమారి దానికి హారతిచ్చి మరీ దిష్టి తీసింది.

ఆమె భీమిలి పక్క జాలరిపేటలో పుట్టింది. చిన్నప్పుడు తుఫాను వాళ్ళ నాన్న పడవను ఎత్తుకుపోయింది. మళ్ళీ పడవ కొనే యోగం ఆ ఇంటికి పట్టలేదు. ఇన్నాళ్ళకి, చుక్క నీరు లేని ఈ సందులో పట్టింది.

"భిలాయిలో సముద్రం ఎక్కడుంది వదినా?" అని నవ్వాడు ఎదురింటి సతీష్‌కుమార్.

"శివనాథ్ నది ఉంది, చాలు. నీకు అడ్డమైతే పక్కనుంచి నడు."

అతను పక్కనుంచి నడవలేదు. దారికి అడ్డమని మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టొచ్చాడు.

"లారీ వచ్చి ఎత్తుకుపోద్ది, చూస్తుండు."

"రానీ! నేనూ చూస్తాను."

వారాలు గడిచినా లారీ జాడ లేదు. తన నోటికి భయపడే రాలేదని లక్ష్మీకుమారి నమ్మకం.

ఆదివారం వస్తే ఇంటిల్లిపాదీ పడవ దగ్గరే. నరసింగరావు గరుకు కాగితంతో పాత రంగు గీకేవాడు. కూతురు నీలిమ పగులు మీద ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూసేది. ఆ వాసనకి అన్నం సయించేది కాదు. అయినా ఎవరూ మానలేదు. చిల్లు మూసుకుంది, పగులు పూడింది.

వానలు పడగానే కొబ్బరికాయ కొట్టి నదిలో దించాలి. అప్పటిదాకా అందులో ఎవరూ కూర్చోకూడదు. ఆమె పుట్టింటి కట్టుబాటు అది. కొబ్బరికాయ కొట్టని పడవలో మనిషి కూర్చుంటే పడవ ఇంటికి దక్కదట. నరసింగరావు బయటినుంచే వంగి పనిచేసి నడుం పట్టేయించుకున్నాడు గాని, లోపల కాలు పెట్టలేదు.

అలాంటి పడవలో శనగ పొట్టు!

పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. నరసింగరావు ప్లాంటులో, నీలిమ కాలేజీలో, ఆమె పవర్ హౌస్ బజారులోని కుట్టుదుకాణంలో. ఒకరోజు తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే తిరిగొచ్చింది.

పడవలో ఎవరో ముసలావిడ! చెప్పులతో సహా ఎక్కి, కాళ్ళు బారజాపుకుని, వేయించిన శనగలు ఒలుచుకుని తింటోంది.

లక్ష్మీకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"లెగు! ఎవర్నడిగి ఎక్కావు?"

"ఎవర్నీ అడగలేదమ్మా. కూకున్నాను."

"కొబ్బరికాయ కొట్టని పడవలో కూకుంటావా? పడవ మాకు దక్కాలా, అక్కర్లేదా?"

"అదేనమ్మా, నాను లెగిస్తే..."

"లెగిస్తే చాలు! ఇంకేటీ చెప్పకు!"

ముసలావిడ ఆమెను తేరిపార చూసింది. బతిమాలలేదు. శనగల పొట్లం కొంగున ముడేసుకుని మెల్లగా దిగింది. పడవ అంచు మీద చేత్తో ఒకసారి తట్టి, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

లక్ష్మీకుమారి పడవను పసుపునీళ్ళతో కడుక్కుంది.

మర్నాడు పొద్దున, ముగ్గురూ ఇంకా గడప దాటకముందే, సందులోకి లారీ వచ్చింది.

అందులోంచి దిగిన కుర్రాడు ఉమేష్ ముందుగా పడవలోకి తొంగి చూశాడు.

"హమ్మయ్య, ఇవాళ ఆ ముసలి దాదీ లేదు. తాడు తియ్యండ్రా!"

లక్ష్మీకుమారి పరుగున వచ్చింది. "ఏ దాదీ?"

"మీ దాదీయే. మేం ఎప్పుడొచ్చినా పడవలో కూకునే ఉంటాది. 'ఇది నా ఇల్లు, మనిషితో సహా ఎత్తుకుపోతార్రా' అంటాది. మనిషున్నదాన్ని మేం ఎత్తకూడదు దీదీ. ఏం చేస్తాం, తిరిగెల్లిపోయేవాళ్ళం."

ఇన్నాళ్ళూ లారీని ఆపింది తన నోరు కాదని లక్ష్మీకుమారికి అప్పుడు తెలిసింది. అదంతా రోజూ చూస్తూనే ఉన్న సతీష్‌కుమార్ గుమ్మంలోంచి తప్పుకున్నాడు.

పడవ ముక్కుకి తాడు పడింది.

ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పడవలోకి ఎక్కేసింది. సరిగ్గా ముసలావిడ కూర్చున్న చోటే చతికిలబడింది.

"అమ్మా! కొబ్బరికాయ!" అంది నీలిమ.

"అది తర్వాత కొడదాం. ముందు నువ్వూ ఎక్కు. ఏటండీ అలా చూస్తారు? రండి!"

నరసింగరావు డ్యూటీ బూట్లతోనే ఎక్కాడు.

"ఇది మా ఇల్లు. ఇప్పుడు ఎత్తు, చూస్తాను!"

ఉమేష్ తల గోక్కున్నాడు.

"వానలు పడేదాకా రోజూ ఇలాగే కూకుంటారా దీదీ?"

"వంతులేసుకుని మరీ కూకుంటాం."

అతనికి నవ్వొచ్చింది. తాడు విప్పించి లారీ ఎక్కబోయాడు.

"బాబూ!" లక్ష్మీకుమారి పిలిచింది. గొంతులో ఇందాకటి గట్టితనం లేదు. "ఆవిడ మా మనిషి కాదు. నిన్న నేనే తరిమేశాను. ఎవరో నీకు తెలుసా?"

ఉమేష్ వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడెక్కడుందో తెల్దు దీదీ. పోయినేడు పవర్ హౌస్ కాడ మేం ఎత్తుకొచ్చేసిన శనగల తోపుడుబండి ఆమెదే. ఆ రోజూ అడ్డం పడింది గాని, దాని మీద మనిషి కూకోడానికి చోటు లేకపోయింది."