హెస్టర్ గెలిచిన యుద్ధం

"ఇక్కడ జరిగింది యుద్ధం కాదండీ, ఉత్త కొట్లాట!" ఊరి కూరగాయల మళ్ల మధ్య నిలబడి అంది మిస్ లైల్, లండన్ నుంచి వచ్చిన పురావస్తు అధికారి.

హెస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. "దాదాపు నాలుగొందల ఏళ్ల కిందట రాజుగారి సైన్యం, పార్లమెంటు సైన్యం ఇక్కడే తలలు పగలగొట్టుకున్నాయి. మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఎంతమంది చస్తే యుద్ధమవుతుందేం మీ లెక్కలో?"

"లెక్క చావులది కాదండీ. దారిలో అనుకోకుండా ఎదురుపడి కొట్టుకుంటే స్కర్మిష్. పొంచి ఉండి మీద పడితే ఆంబుష్. నడిబజార్లో తన్నుకుంటే అఫ్రే. రెండు పక్షాలూ పోరాడాలనే వచ్చి, ఎదురెదురుగా బారులు తీరితేనే బ్యాటిల్. చట్టం కాపాడేది బ్యాటిల్ జరిగిన నేలనే."

"విన్నావా రోలండ్?" హెస్టర్ పక్క మడి రోలండ్ వైపు తిరిగింది. "మన ఇంగ్లీషులో తన్నులకి ఎన్ని పేర్లో! ముద్దుకి మాత్రం ఒక్కటే ఏడిసింది."

"నీకు ఆ ఒక్కటీ ఎక్కువేలే," అన్నాడు రోలండ్.

జోకులేస్తోందే గానీ హెస్టర్‌కి లోపల దడగానే ఉంది. కౌన్సిల్ ఆ నేలని ఇళ్లు కట్టేవాళ్లకి అమ్మేయబోతోంది. ఊరివాళ్ల కూరగాయల మళ్లన్నీ పోతాయి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె పొద్దస్తమానం ఆ మట్టిలోనే ఉంటోంది. అది కూడా పోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆ ఊహకే ఆమెకి భయం.

"తవ్వి చూపిస్తాం. అప్పుడు ఒప్పుకుంటారా?" అంది.

"రెండు వైపులా బారులుగా తుపాకీ గుళ్లు దొరికితే ఎందుకు ఒప్పుకోను? నా ఎదురుగానే తవ్వండి."

అంతే, ఊరంతా పారలు పట్టుకుని దిగింది. చినుకులు మొదలైనా ఎవరూ కదల్లేదు. రోలండ్ తన ముద్దుల క్యాబేజీలని కూడా పీకి అవతల పారేశాడు. మొదట కంచె వారన వరసగా సీసపు గుళ్లు బయటపడ్డాయి. కాసేపటికి ఎదుటి కొసన వాగు వైపు నుంచి ఎవరో "ఇక్కడా ఉన్నాయి!" అని కేకేశారు. మిస్ లైల్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క గుండునీ తిప్పి తిప్పి చూసింది. ఆ కొస నుంచి ఈ కొసకి రెండుసార్లు నడిచింది. 

"ఒప్పుకున్నానండీ," అంది చివరికి. "ఎదురెదురుగా బారులు తీరే కాల్చుకున్నారు. ఇది బ్యాటిలే. ఇక ఇక్కడ ఎవడూ ఒక్క ఇటుక కూడా పెట్టలేడు."

అందరూ ఒక్కసారిగా గోల చేశారు. రోలండ్ టోపీ ఎగరేశాడు. హెస్టర్ సిగ్గు విడిచి ఏడ్చేసింది. ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోసి చేతికిచ్చారు. ఆమె రెండు గుక్కలు తాగి, కళ్లు తుడుచుకుని, పార తీసుకుంది.

"ఉండండి మిస్ లైల్, వట్టి చేతుల్తో వెళతారా? మా మడిలో బంగాళాదుంపలు వెన్నలా ఉంటాయి. నాలుగు తవ్వి ఇస్తాను."

మిస్ లైల్ గబగబా వచ్చి ఆమె చేతిలోంచి పార లాక్కుంది.

"భలేవారే, యుద్ధభూమిలో ఇక ఎవరూ పార దించకూడదండీ!"