లాభం ఏ అంతస్తుది?

"ఈ ఏడాది మన దుకాణం లాభాల్లోకి వచ్చింది" అని యజమాని యసుహితో మైకులో చెప్పగానే ఉద్యోగులంతా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు.

ఏడవరా మరి! మూడేళ్లుగా నష్టాలే. ఈసారీ నష్టమే వస్తే దుకాణం మూసేస్తాననీ, లాభం వస్తే ఎలాగైనా నిలబెడతాననీ ఆయన మాటిచ్చాడు. ఆ మాట నమ్మి, చలికాలం బోనస్ వదులుకోమని అందరినీ బతిమాలింది మూడో అంతస్తులో కిమోనోలమ్మే తొకికో. కొత్త సంవత్సరం సెలవుల్లో కూడా కాళ్లు వాచేదాకా అందరినీ నిలబెట్టింది.

కింద తినుబండారాల అంతస్తులో శుభానికని ఎర్రన్నం వండి పంచుతున్నారు. ఊరగాయలమ్మే కుమెదా ఆమె చేతిలో రెండు పొట్లాలు పెట్టాడు.

"తినండి తొకికో గారూ. అంతా మీ కిమోనోల పుణ్యం!"

"నా మొహం! ఈ రోజుల్లో కిమోనో కట్టేదెవరు? పోయినేడాది కంటే తక్కువే అమ్మాం. మీ ఊరగాయలే గట్టెక్కించాయనుకున్నా."

"మా ఊరగాయలా? ముసలాళ్లంతా రుచి చూసి, బాగుందని మెచ్చుకుని పోతున్నారండీ. కొనేవాడేడీ?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ముందుగా ఆగింది తొకికో నవ్వే.

పొట్లాలు అక్కడే పెట్టేసి మెట్లెక్కింది. పాత్రల వాళ్లు బొమ్మల వాళ్లని మెచ్చుకుంటున్నారు, బొమ్మల వాళ్లు పాత్రల వాళ్లని. ఎవరిని కదిపినా, తమ దగ్గర అమ్మకాలు పడిపోయాయనే చెప్పారు. బొమ్మల దగ్గరుండే మినెకో ఆ బోనస్‌తో పళ్లు కట్టించుకుందామనుకుంది. ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతోంది.

తొకికోకి అనుమానం పట్టుకుంది. అయితే ఇవి దొంగ లెక్కలా? వీటికోసమా ఇంతమంది నోటికాడి కూడు తను తీసింది? కోపంతో, అవమానంతో ఆమె ఒళ్లు మండిపోయింది. తలుపైనా తట్టకుండా యజమాని గదిలోకి వెళ్లింది. అతనికి యాభై దాటినా ఆమెకి ఇంకా చిన్నబాబే. కాగితం నలగకుండా పొట్లం కట్టడం అతనికి నేర్పింది తనే.

"చిన్నబాబూ, మా కళ్లలో దుమ్ము కొట్టారా?"

"లేదండీ. ఆడిటర్లు కూడా చూశారు. ఆ లెక్కల్లో ఒక్క అబద్ధం లేదు."

"మరి ఏ అంతస్తులోనూ అమ్మకాల్లేవే! ఇంతకీ అమ్మిందెవరు?"

"నేనే."

అంత కోపంలోనూ తొకికోకి నవ్వాగలేదు.

"మీరా! జన్మలో ఒక్క చేతిరుమాలైనా అమ్మారా?"

అతను నవ్వలేదు.

"మా తాతగారు కొన్నది. ఆయన కొన్నప్పటి ధరే ఇన్నాళ్లూ లెక్కల్లో ఉండిపోయింది. అందుకే ఇప్పుడొచ్చినదంతా దాదాపు లాభంగానే తేలింది."

గోదాములో ఏ పాతకాలపు చిత్రపటమో బయటపడి ఉంటుందనుకుంది తొకికో. ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తను చేయించింది వృథా కాలేదు. దుకాణం నిలబడింది, అంతే చాలు.

"అంత విలువైనది ఏం అమ్మారు బాబూ?"

యసుహితో కుర్చీలోంచి లేచి, ఆమె ముందు నడుం విరిగేలా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఈ భవనమేనండీ... వచ్చే మార్చిదాకా మనల్ని ఇందులో అద్దెకుండనిస్తారట, ఆ తర్వాత కూలగొట్టేస్తారట."